తాగని ఇంట్లో సిరోసిస్: గ్యాస్ మందుల వెనక ముదిరిన ఒక కేసు

ఆవిడకు 57 ఏళ్లు. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌన్‌లో, భర్త పోయాక టిఫిన్ సెంటర్ నడిపి ఇద్దరు పిల్లల్ని చదివించారు. షుగర్ వచ్చి 14 ఏళ్లయింది. మోకాళ్ల నొప్పులు ఎప్పటి నుంచో ఉన్నాయి. మందు వాసన ఎరగని ఇల్లు. ఆవిడెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చింది లివర్ కోసం కాదు. "రెండు ఇడ్లీలు తింటే చాలు బాబూ, గొంతు దాకా వచ్చేస్తోంది. గ్యాస్ పైకి తంతోంది" అన్నారు. ఆరు నెలలుగా ఇదే బాధ. పొద్దున్నే పరగడుపున ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్, తిన్నాక నీళ్లలో వేస్తే బుస్సున పొంగే గ్యాస్ పొడి, మధ్యలో వాము నీళ్లు, ఎవరో రాసిచ్చిన అరుగుదల సిరప్. రాత్రి తినకపోతే ఉబ్బరం తగ్గుతుందని ఎవరో చెబితే భోజనం కూడా మానేశారు. సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయి కానీ, రోజంతా పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు అది మామూలే కదా అని సర్దుకున్నారు.

కేసుని తేల్చిన మాట కోడలు చెప్పింది. "అత్తయ్యగారి జాకెట్ చేతులు వదులైపోయాయి సార్, రెండుసార్లు కుట్లు వేసి ఇచ్చాను. లంగా బొందు మాత్రం చాలట్లేదు." బరువు చూస్తే ఏడాదిగా దాదాపు అంతే ఉంది. కండ కరిగినంత మేరా పొట్టలో నీరు చేరుతుంటే తూకం ముల్లు కదలదు. "బరువేం తగ్గలేదుగా" అని ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉన్నది అందుకే.

పడుకోబెట్టి చూస్తే కణతలు లోపలికి పోయి ఉన్నాయి, అరచేతులు ఎర్రగా ఉన్నాయి, ఛాతీ మీద సాలీడు కాళ్లలా సన్నటి రక్తనాళాలు. కళ్లలో లేత పసుపు, వెలుతురు దగ్గరికి తీసుకెళ్తే గానీ తెలియనంత. బొడ్డు బయటికి పొడుచుకొచ్చింది. పక్కకి తిప్పి పొట్ట మీద తట్టి చూస్తే శబ్దం మారుతోంది. లోపల ఉన్నది గాలి కాదు, నీరు.

పాత కాగితాల సంచీలో ఉన్నది

కొడుకు తెచ్చిన సంచీలో మూడేళ్ల నాటి రిపోర్టులున్నాయి. అప్పుడు జ్వరమొచ్చి ప్లేట్‌లెట్లు 1 లక్షా 12 వేలు చూపించాయి. డెంగ్యూ సీజన్. డెంగ్యూ పరీక్ష నెగెటివ్ వచ్చినా అందరూ డెంగ్యూయే అనుకున్నారు, బొప్పాయి ఆకు రసం కూడా పట్టారు. జ్వరం తగ్గింది. ప్లేట్‌లెట్లు మళ్లీ పెరిగాయా లేదా అని ఎవరూ చూడలేదు. అదే రోజు స్కానింగ్‌లో "గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్" అని ఉంది. మన ఊళ్లలో ఆ మాట లేని స్కానింగ్ రిపోర్టే అరుదు కాబట్టి దాన్నీ పట్టించుకోలేదు.

ఆ కాగితాల మీదున్న నాలుగు అంకెలు తీసుకుంటే, అంటే వయసు 54, లివర్ ఎంజైమ్‌లైన ఎస్‌జీఓటీ 62, ఎస్‌జీపీటీ 48, ప్లేట్‌లెట్లు 112 వేలు, ఫిబ్-4 అనే లెక్క వస్తుంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగిస్తే 4.3. 2.67 దాటితే లివర్‌లో మచ్చ బాగా ముదిరి ఉండొచ్చని అర్థం, లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ లాంటి తరువాతి పరీక్షకు పంపాలి. ఈ లెక్కకు పైసా ఖర్చు లేదు, ఫోన్‌లో అర నిమిషం పని. షుగర్ ఉన్న ప్రతి మనిషికీ ఏడాదికోసారి వేసి చూడొచ్చు. 2021లో కేంద్ర ప్రభుత్వం షుగర్, బీపీల జాతీయ కార్యక్రమంలోకి ఫ్యాటీ లివర్‌ని కూడా చేర్చింది. కానీ బీపీ చూసినంత మామూలుగా ఈ లెక్క వేసే చోట్లు ఇంకా తక్కువే.

మా దగ్గర వచ్చిన రక్త పరీక్షలు: హిమోగ్లోబిన్ 9.4, ప్లేట్‌లెట్లు 78 వేలు, బిలిరుబిన్ (కామెర్ల అంకె) 2.4, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్) 2.6, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే సమయం) 1.6, సోడియం 131, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) 0.9. ఎస్‌జీపీటీ మాత్రం 38, నార్మల్. "ఎస్‌జీపీటీ నార్మల్, లివర్ బాగుంది" అనే మాట వారానికి ఎన్నిసార్లు వింటానో. ఎస్‌జీపీటీ చెప్పేది లివర్ కణాలు ఇప్పుడు ఎంత దెబ్బతింటున్నాయనేదే. లివర్ ఎంత పని చేస్తోందో తెలియాలంటే బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్ చూడాలి. లివర్ గట్టిపడి వెనక్కి ఒత్తిడి పెరిగిందేమో ప్లేట్‌లెట్లు, ప్లీహం (స్ప్లీన్) సైజు చెప్తాయి.

హెపటైటిస్ బి, సి రెండూ లేవు. లివర్ మీద శరీరమే దాడి చేసే జబ్బు ఆనవాళ్లూ లేవు, ఐరన్ ఎక్కువ లేదు. మిగిలింది షుగర్, ఏళ్ల తరబడి ఉన్న అధిక బరువు, వాటితో వచ్చిన ఫ్యాటీ లివర్. అదే ముదిరి సిరోసిస్ అయింది, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయింది. మన దగ్గర సిరోసిస్‌కి మద్యం పెద్ద కారణమే, కాదనను. కానీ "మా అమ్మ తాగదు కదా సార్" అని కొడుకు అడిగినప్పుడు ఆ గొంతులో భయం కంటే అవమానం ఎక్కువ కనిపించింది. ఊళ్లో ఎవరికీ చెప్పలేదట. సిరోసిస్ అంటే తాగుబోతుల జబ్బు అనే ముద్ర వల్ల తాగనివాళ్లు ఆలస్యంగా వస్తున్నారు, తాగేవాళ్లు దాచిపెట్టి వస్తున్నారు.

ఉబ్బరం ఎందుకొచ్చింది

పేగుల నుంచి బయల్దేరిన రక్తమంతా పోర్టల్ సిర ద్వారా లివర్‌లోకి వెళ్తుంది. లివర్‌కి అందే రక్తంలో సుమారు నాలుగింట మూడొంతులు ఇదే దారిలో వస్తుంది. లివర్ మచ్చలు కట్టి గట్టిపడితే, గుర్రపుడెక్క పేరుకున్న కాలువలో నీళ్లు గట్టు దాటి పక్క బోదెల్లోకి మళ్లినట్టు, రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. అన్నవాహిక అడుగున సిరలు ఉబ్బుతాయి, ప్లీహం పెరిగి ప్లేట్‌లెట్లను పట్టి ఉంచేసుకుంటుంది. కిడ్నీలు ఒంట్లో నీరు తక్కువైందని పొరబడి ఉప్పునీ నీటినీ ఆపేస్తాయి. ఆ నీరు పొట్టలో ఊరుతుంది. పొట్ట నిండా నీరుంటే జీర్ణాశయానికి చోటుండదు, రెండో ఇడ్లీకే నిండిపోతుంది. పేగుల కదలిక కూడా నెమ్మదిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉబ్బరంతో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి లివర్ జబ్బు ఉండదు. మలబద్ధకం, పాలు పడకపోవడం, హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా, వేళ తప్పిన తిండి, టెన్షన్, షుగర్ మాత్రల్లో కొన్ని, ఇవే మామూలు కారణాలు. నాకు అనుమానం తెప్పించేది ఉబ్బరం పక్కన ఇంకేముందనేది: కాళ్ల వాపు, చిక్కిపోతున్న చేతులు, బట్టలు నడుము దగ్గరే బిగియడం, తారులా నల్లటి విరేచనం, కారణం తెలియని ప్లేట్‌లెట్ల తగ్గుదల. 40 దాటాక కొత్తగా మొదలై వారాల తరబడి వదలని ఉబ్బరానికి స్కానింగ్, లివర్ పరీక్షలు చేయకుండా మాత్రలు పొడిగించడం నాకు నచ్చదు.

మొదటి విడత చికిత్స

పొట్టలోంచి ముందు పరీక్షకు సరిపడా నీరే తీశాం. దానికీ ఇంట్లోవాళ్లు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "ఒకసారి తీస్తే ఇక ఆగదట" అని పెద్దావిడ అక్కగారి భయం. నీరు మళ్లీ ఊరడానికి కారణం సూది కాదు, లివర్. రక్తంలో ఆల్బుమిన్ 2.6, పొట్ట నీటిలో 0.8. తేడా 1.8, అంటే 1.1 కంటే ఎక్కువ కాబట్టి పోర్టల్ ఒత్తిడి వల్ల చేరిన నీరే. టీబీ, క్యాన్సర్ అనుమానం అక్కడికి బాగా తగ్గింది. ఇన్ఫెక్షన్ కణాలూ లేవు.

సిరోసిస్ తీవ్రత కొలిచే చైల్డ్-ప్యూ లెక్కలో 10, అంటే బాగా ముదిరిన సి తరగతి. ట్రాన్స్‌ప్లాంట్ ఎంత తొందరో చెప్పే మెల్డ్ లెక్కలో 15, సోడియం కలిపితే 20. సిరోసిస్ ఉన్నా నీరు, రక్తస్రావం, మతిభ్రమ రాని దశలో సగం మంది పన్నెండేళ్లకు పైనే బతుకుతారని పాత పరిశీలనల్లో తేలింది. ఇవి మొదలయ్యాక ఆ అంకె రెండేళ్ల దగ్గరికి పడిపోతుంది. కొడుకుని కూర్చోబెట్టి ఇది చెప్పాను. ట్రాన్స్‌ప్లాంట్ అనే మాట మొదటి రోజే చెప్పడం అవసరం. ఐసీయూలో ఉన్నప్పుడు మొదటిసారి వినే కుటుంబం ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

నీరు మూత్రంలో పోవడానికి స్పైరోనోలాక్టోన్ 100, ఫ్రూసెమైడ్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాం. ఎండోస్కోపీలో అన్నవాహికలో ఉబ్బిన పెద్ద సిరలు కనిపించాయి, వాటి మీద ఎర్ర మచ్చలు, అంటే చిట్లే రకం. బీపీ చూసుకుంటూ, ఆ సిరల్లో ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ చిన్న డోసుతో ఇచ్చాం. పుండు లేదు కాబట్టి పాంటోప్రజోల్ ఆపేశాం. జీర్ణాశయంలో ఆమ్లం తగ్గితే పేగుల్లో బ్యాక్టీరియా పెరుగుతుంది. సిరోసిస్ ఉన్నవాళ్లలో ఈ మాత్రలు వాడేవాళ్లకు పొట్టనీటి ఇన్ఫెక్షన్, మతిభ్రమ ఎక్కువ కనిపిస్తున్నాయని ఎన్నో పరిశీలనలున్నాయి. అవసరముంటే ఇవ్వాల్సిందే. "గ్యాస్‌కి ఒకటి ఉంచండి" అన్నది అవసరం కాదు.

పొంగే పొడి గురించి చెప్పగానే ఆవిడ ఆశ్చర్యపోయారు. అందులో ప్రధానంగా ఉండేది సోడియం బైకార్బనేట్. ఉప్పు తగ్గించమని చెప్పి, ఇంకో పక్క రోజుకి మూడు పొట్లాల సోడియం తాగితే నీరెలా తగ్గుతుంది? ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదు, అంటే తలగొట్టిన చిన్న చెంచాడు, వంటలో వేసినదంతా కలిపి. టిఫిన్ సెంటర్ మనిషికి ఇది కష్టం. బోండా పిండిలో వంటసోడా, సాంబారు, కారప్పొడి, పక్కన ఆవకాయ. సైంధవ లవణం వాడొచ్చా అని అడిగారు. అదీ సోడియం క్లోరైడే. లో-సోడియం ఉప్పు ఇంకో ప్రమాదం, దానిలో పొటాషియం ఉంటుంది, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లకు పొటాషియం పెరిగిపోతుంది. నిమ్మకాయ, మిరియాలు, కొత్తిమీర, వెల్లుల్లితో నెట్టుకురమ్మన్నాను. చప్పిడి తిండి తినలేక అసలే మానేస్తే మాత్రం కొంచెం ఉప్పు వేసుకోవడమే మేలని కూడా చెప్పాను.

రెండోసారి తీసుకొచ్చినప్పుడు

మొదటి నెల బాగానే నడిచింది. పొట్ట తగ్గింది, కాళ్లు మామూలయ్యాయి. రెండో నెలలో నాలుగు పనులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి.

మోకాళ్లు నొప్పి పెడితే మెడికల్ షాపులో అడిగారు. "లివర్ పేషెంటుకి పారాసెటమాల్ ఇవ్వకూడదు" అని చెప్పి డైక్లోఫినాక్ ఇచ్చారు. ఈ తిరగేసిన జాగ్రత్త నేను చాలా చోట్ల చూశాను. సిరోసిస్‌లో పారాసెటమాల్ రోజుకి 2 గ్రాముల లోపు సురక్షితమైనది. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వర్గమే కిడ్నీలకు చేరే రక్తాన్ని తగ్గించి వాటిని దెబ్బతీస్తుంది. రెండోది, నిద్ర పట్టడం లేదని అల్ప్రజోలం. మూడోది, నాలుగు రోజుల మలబద్ధకం, దాన్ని ఎవరికీ చెప్పలేదు. నాలుగోది పసరు.

కళ్లు పచ్చబడ్డాయని దగ్గరి ఊరికి తీసుకెళ్లి మూడు విడతలు పసరు పోయించారు, పథ్యం పెట్టారు. పప్పు లేదు, గుడ్డు లేదు, నూనె లేదు, మజ్జిగన్నం మాత్రమే. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. ముదిరిన సిరోసిస్‌లో వచ్చిన కామెర్లు అలాంటివి కావు. ఆకుమందు కాబట్టి హాని లేదనే ధీమా కూడా చెల్లదు. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు.

ఆవిడ లెక్కల్లో దిట్ట. పుస్తకం ముట్టుకోకుండా రోజు వ్యాపారమంతా నోటితో చెప్పేవారు. ఆ వారం వంద నోటుకి రెండు వందలు తిరిగిచ్చారని కొడుకు గమనించాడు. పగలంతా కునుకు, రాత్రంతా మెలకువ. "వయసు కదా, మతిమరుపేమో" అనుకున్నారు. నా ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి చేతులు చాచమన్నాను. మణికట్లు పైకెత్తి ఉంచలేక పక్షి రెక్కల్లా టపటపా పడుతున్నాయి.

"అమ్మా, ఇడ్లీ ప్లేటు ముప్పై, వడ నలభై. మూడు ఇడ్లీ, రెండు వడ. ఎంత?"

నవ్వారు. కొడుకు వైపు చూశారు. "వాడు తీసుకుంటాడు బాబూ డబ్బులు" అన్నారు.

పేగుల్లో తయారైన అమ్మోనియా లాంటి విషాలను వడగట్టాల్సిన లివర్ వడగట్టలేకపోతే, పక్కదారుల్లో రక్తం నేరుగా మెదడుకి చేరితే వచ్చే స్థితి ఇది. అమ్మోనియా పరీక్ష పంపమని కొడుకు అడిగాడు, ఇంటర్నెట్‌లో చదివాడట. ఇలా స్పష్టంగా ఉన్నప్పుడు ఆ అంకె చికిత్సను మార్చదు. మార్చేది, దీన్ని రగిల్చిన కారణాన్ని వెతకడం. క్రియాటినిన్ 1.9కి చేరింది, సోడియం 126, పొటాషియం 5.4. పొట్ట నీరు మళ్లీ తీసి చూస్తే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 410. 250 దాటితే ఇన్ఫెక్షన్. "జ్వరం లేదు కదా సార్" అన్నాడు కొడుకు. సిరోసిస్‌లో ఈ ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండా, పెద్దగా నొప్పి లేకుండా కూడా రావచ్చు. అందుకే పొట్టలో నీరున్న మనిషి ఏ కారణంతో ఆసుపత్రిలో చేరినా నీరు తీసి కణాలు లెక్కించడం తప్పనిసరి.

నీటి మాత్రలు, కార్వెడిలాల్ ఆపాం. నొప్పి మాత్ర, నిద్ర మాత్ర కూడా ఆగిపోయాయి. ఎనిమా, విరేచనం చేయించే లాక్టులోజ్ సిరప్, యాంటీబయోటిక్ ఇచ్చాం. వీటితో పాటు ఆల్బుమిన్, మొదటి రోజు కిలోకి ఒకటిన్నర గ్రాములు, మూడో రోజు కిలోకి ఒక గ్రాము. ఒక్కో సీసా వేలల్లో ఉంటుంది, కుటుంబాలు వెనకాడేది ఇక్కడే. ఈ ఇన్ఫెక్షన్‌లో యాంటీబయోటిక్ ఒక్కటే ఇచ్చినదానికంటే ఆల్బుమిన్ కూడా ఇస్తే కిడ్నీ ఫెయిల్యూర్, మరణాలు తగ్గాయని 1999లోనే రుజువైంది. సగం డబ్బుతో సగం వైద్యం చేద్దామనే బేరానికి ఇది సరైన చోటు కాదని కొడుకుతో గట్టిగానే అన్నాను. మూడో రోజు పొద్దున రౌండ్స్‌కి వెళ్తే ఆవిడే అడిగారు, "మొన్న ఏదో లెక్క అడిగారట, నూట డెబ్భై."

ఇంటికి పంపేటప్పుడు

లాక్టులోజ్ గురించి కాగితం మీద రాసి ఇచ్చేది ఎంత డోసని కాదు, ఎన్ని విరేచనాలని. రోజుకి రెండు మూడు మెత్తగా అవ్వాలి. "మోషన్స్ అవుతున్నాయని సిరప్ ఆపేశాం" అని చెప్పే ఇళ్లు చాలా ఉన్నాయి. అవ్వడానికే అది ఇస్తున్నాం. ఆరేడు అయితే మాత్రం ఒంట్లో నీరు పోయి మళ్లీ అదే గొడవ మొదలవుతుంది, అప్పుడు తగ్గించుకోవాలి. ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చింది కాబట్టి రోజూ ఒక యాంటీబయోటిక్ కూడా రాశాం.

తిండి విషయంలో పథ్యం పూర్తిగా తీసేశాం. మతి తప్పిందని ప్రొటీన్ తగ్గించడం పాత అలవాటు, ఇప్పుడు వద్దంటాం. కండ కూడా అమ్మోనియాను శుభ్రం చేస్తుంది, కండ కరిగితే లివర్‌కి ఉన్న ఆ తోడూ పోతుంది. కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్లు, పెరుగు, పప్పు, పెసరట్టు, వారానికి రెండు మూడుసార్లు చేప. రాత్రి భోజనం మానడం అన్నిటికంటే చెడ్డది. గట్టిపడిన లివర్‌లో పిండిపదార్థం నిల్వ సరిగా ఉండదు కాబట్టి రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్లు కండని కాల్చుకుంటుంది. పడుకునే ముందు ఒక గ్లాసు పాలో, గుడ్డో, రెండు రొట్టె ముక్కలో తప్పకుండా తినమన్నాను. ఉబ్బరంగా ఉంటే మూడు పూటలది ఆరు పూటలకు పంచుకోవాలి.

వీటితో పాటు ఆరు నెలలకోసారి స్కానింగ్, లివర్ క్యాన్సర్ చిన్నగా ఉన్నప్పుడే దొరకడానికి. నెత్తురు వాంతి, నల్లటి విరేచనం, తికమక మాటలు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా పొద్దున్నే చూపిద్దాంలే అనుకోకుండా అదే రాత్రి రావాలి.

ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కి రిఫర్ చేశాం. చనిపోయిన దాతల అవయవాలను కేటాయించే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు నమోదైంది. బతికున్న దాత లివర్‌లో భాగం ఇవ్వడానికి అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువులను అనుమతిస్తుంది. కోడలు తానిస్తానంది. కానీ చట్టం లెక్కలో కోడలు దగ్గరి బంధువు కాదు, ఆథరైజేషన్ కమిటీ ఒప్పుకోవాలి. కూతురి బ్లడ్ గ్రూప్ సరిపోలేదు. కొడుకుది సరిపోయింది.

అతనికి 31 ఏళ్లు, 88 కిలోలు. ఇంతవరకు ఏ జబ్బూ లేదు. దాత పరీక్షల్లో అతని లివర్‌లోనూ కొవ్వు బయటపడింది, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, అంటే షుగర్‌కి ముందు దశ. ఫైబ్రోస్కాన్ 6.8, అంటే మచ్చ కట్టే దశకి ఇంకా రాలేదు. అంత కొవ్వున్న లివర్ భాగాన్ని తీసుకుంటే తల్లికీ అతనికీ ఇద్దరికీ రిస్కు కాబట్టి సెంటర్ ఒప్పుకోలేదు. ఈ కొవ్వు బరువు తగ్గితే కరిగేదే, కొందరు దాతలు కొన్ని వారాల్లోనే పనికొచ్చే స్థితికి వస్తారు. అతను రాత్రి బిర్యానీలు, కూల్‌డ్రింకులు మానేసి గోదావరి గట్టు మీద నడక మొదలుపెట్టాడు. ఇప్పుడు 81. బరువు 78కి వచ్చాక మళ్లీ స్కాన్ చేసి చూస్తామన్నారు. ఆవిడ సోడియం 134 దగ్గర, క్రియాటినిన్ 1.0 దగ్గర నిలబడి ఉన్నాయి. ఆ ఇంటి పరీక్షల ఫైల్‌లో ఇప్పుడు రెండు పేర్లున్నాయి.